మెమరీ అలొకేటర్ ఆప్షన్లకు ఒక్క లైను వివరణ ఎందుకు చాలదు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ సర్వర్లు లినక్స్ మీద నడుస్తాయి. ప్రోగ్రామ్ అడిగిన మెమరీని కెర్నల్ దగ్గర తెచ్చి పంచే మెమరీ అలొకేటర్‌గా ఎక్కువ వాటిలో జీలిబ్‌సీ (లినక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ) మాలాక్, కొన్నిట్లో జేమాలాక్. టీమ్ కోసం మీరు ఒక గైడ్ రాశారు. ఆప్షన్ పేరు, ఒక లైనులో అర్థం, డిఫాల్ట్ విలువ, ఇలా మూడు కాలమ్‌ల పట్టిక. అధికారిక మాన్యువల్‌తో పోల్చి చూసుకున్నారు, తప్పేమీ లేదు. అయినా చదివినవాళ్లు అవే సందేహాలతో మళ్లీ వస్తున్నారు. ఒకరిద్దరు విలువలు మార్చాక మెమరీ తగ్గకపోగా ప్రోగ్రామ్ నెమ్మదించిందని కూడా అన్నారు. ఇంకా ఏం రాయాలి అన్నది మీ ప్రశ్న.

మీ పట్టిక ప్రతి ఆప్షన్‌నూ ఒంటరిగా చూపిస్తోంది. అలొకేటర్ లోపల అవి ఒంటరిగా ఉండవు. ఒకదాన్ని ముట్టుకుంటే ఇంకొకటి కదులుతుంది, లేదంటే అప్పటిదాకా కదులుతున్నది ఆగిపోతుంది. చదివేవాళ్లకు అందని విషయం అదే. ఉదాహరణకు మీ పట్టికలోని ఎంమ్యాప్ థ్రెషోల్డ్‌నే తీసుకుంటాను. ఎంమ్యాప్ అంటే కెర్నల్ నుంచి విడిగా పేజీలు తెచ్చుకునే సిస్టమ్ కాల్. డాక్యుమెంటేషన్ సరిగ్గా లేకపోతే ఎంత దూరం దారి తప్పుతారో దీన్ని చూస్తే తెలుస్తుంది.

మీరు రాసింది: "ఈ సైజు దాటిన బ్లాకులను ఎంమ్యాప్ ద్వారా ఇస్తుంది. డిఫాల్ట్ 128 కేబీ." రెండు వాక్యాలూ నిజమే. కానీ ఇది చదివినవాళ్లు ఏమనుకుంటారు? 128 కేబీ కంటే పెద్ద బ్లాకు ఎప్పుడు అడిగినా ఎంమ్యాప్ అవుతుందని, ఫ్రీ చేయగానే కెర్నల్‌కు తిరిగి వెళ్లిపోతుందని అనుకుంటారు. అలా జరగదు.

ఒక చిన్న సీ ప్రోగ్రామ్ రాసి చూడండి. సరిగ్గా 1 ఎంబీ, అంటే 10,48,576 బైట్లు అడగండి. దాన్ని ఫ్రీ చేయండి. మళ్లీ అదే 1 ఎంబీ అడగండి. దీన్ని ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్ చూపించే టూల్) కింద నడపండి. మొదటిసారి 10,52,672 బైట్లకు ఒక ఎంమ్యాప్ కాల్ కనిపిస్తుంది. మీరు అడిగినదానికి హెడర్ కలిపి, 4 కేబీ పేజీలకు పైకి సర్దితే వచ్చే లెక్క అది, మొత్తం 257 పేజీలు. ఫ్రీ చేసినప్పుడు ఆ పేజీలను తిరిగి ఇచ్చే మున్‌మ్యాప్ కనిపిస్తుంది. రెండోసారి అడిగినప్పుడు మాత్రం ఎంమ్యాప్ ఉండదు, హీప్‌ను పెంచే బీఆర్‌కే కనిపిస్తుంది. అదే సైజు, అదే ప్రోగ్రామ్, అయినా రెండోసారి బ్లాకు మామూలు హీప్ నుంచి వచ్చింది.

కారణం ఏమిటంటే, ఎంమ్యాప్‌తో ఇచ్చిన బ్లాకును ఫ్రీ చేసినప్పుడు జీలిబ్‌సీ ఒక అంచనాకు వస్తుంది. ఈ సైజు బ్లాకులను ఈ ప్రోగ్రామ్ కాసేపే వాడి వదిలేస్తోంది, ప్రతిసారీ కెర్నల్ దగ్గరికి వెళ్లి కొత్త పేజీలు తెచ్చుకుని, వాటికి పేజీ ఫాల్టులు (కొత్త పేజీని మొదటిసారి తాకినప్పుడు కెర్నల్‌కు పడే పని) భరించడం దండగ అనుకుంటుంది. అందుకే థ్రెషోల్డ్‌ను ఆ బ్లాకు సైజుకు పెంచేస్తుంది. దాంతోపాటు ట్రిమ్ థ్రెషోల్డ్‌ను (హీప్ కొసన ఎంత ఖాళీ చేరితే కెర్నల్‌కు తిరిగి ఇవ్వాలనే హద్దు) దానికి రెండింతలు చేస్తుంది. 64 బిట్ మెషీన్ల మీద ఈ పెరుగుదల 32 ఎంబీ దాకా పోవచ్చు. పైన చెప్పిన ప్రోగ్రామ్‌లో రెండో బ్లాకును కూడా ఫ్రీ చేసి చూడండి. అది హీప్ చివర ఖాళీగా పడి ఉంటుంది, కెర్నల్‌కు తిరిగి వెళ్లదు. హీప్ కొసన ఖాళీ 2 ఎంబీ పైచిలుకు దాటితే తప్ప ఇప్పుడు ట్రిమ్ జరగదు. మీ పట్టిక ప్రకారం ట్రిమ్ థ్రెషోల్డ్ 128 కేబీ. ఆ ప్రాసెస్‌లో అది 128 కేబీగా ఉన్నది మొదటి ఫ్రీ దాకానే.

దీనికి ఇంకో కొస ఉంది, అసలు దెబ్బ తగిలేది అక్కడే. ఎంమ్యాప్ థ్రెషోల్డ్, ట్రిమ్ థ్రెషోల్డ్, టాప్ ప్యాడ్ (హీప్‌ను పెంచేటప్పుడు అదనంగా తెచ్చుకునేది), ఎంమ్యాప్ మ్యాక్స్ (ఎంమ్యాప్ బ్లాకుల సంఖ్యకు పరిమితి), ఈ నాలుగింటిలో ఏ ఒక్కదాన్ని మనం సెట్ చేసినా ఆ సర్దుబాటు మొత్తం ఆగిపోతుంది. ఏ విలువ పెట్టామన్నది లెక్కలోకి రాదు. డిఫాల్ట్ విలువనే మళ్లీ రాసినా ఆగిపోతుంది. అంటే కాన్ఫిగరేషన్ ఫైల్‌లో స్పష్టత కోసమని ఎంమ్యాప్ థ్రెషోల్డ్‌కు 131072 అని రాసి పెట్టినవాళ్లు డిఫాల్ట్‌ను అలాగే ఉంచలేదు, మార్చారు. ఇకమీదట ఆ ప్రాసెస్‌లో 128 కేబీ దాటిన ప్రతి బ్లాకూ ఎంమ్యాప్, మున్‌మ్యాప్, మధ్యలో పేజీ ఫాల్టులు. బఫర్లను తరచుగా తీసుకుని వదిలే సర్వర్ అయితే సీపీయూలో ఆ తేడా కనిపిస్తుంది. విలువ మార్చాక నెమ్మదించిందని మీ టీమ్‌లో అన్నవాళ్లు ఈ నాలుగింటిలో ఏదైనా పెట్టారేమో ముందు అడగండి. టాప్ ప్యాడ్ ఒక్కటే పెట్టి, ఎంమ్యాప్ జోలికే పోలేదని నమ్మేవాళ్లు చాలామంది ఉంటారు.

మాన్యువల్‌లో ఇది లేదని కాదు, ఉంది. కానీ ఆప్షన్ వివరణలో కింద ఎక్కడో ఉంటుంది. పట్టిక చేసేటప్పుడు మొదట ఎగిరిపోయేది అలాంటి వాక్యమే.

ఈ ఆప్షన్‌కు నేనైతే ఇలా రాస్తాను: "ఈ సైజు, అంతకంటే పెద్ద బ్లాకులను విడిగా ఎంమ్యాప్‌తో తెస్తుంది, ఫ్రీ చేయగానే కెర్నల్‌కు ఇచ్చేస్తుంది. విలువ బైట్లలో. ఏమీ సెట్ చేయకపోతే 131072తో మొదలై, ప్రోగ్రామ్ ఫ్రీ చేసే పెద్ద బ్లాకులను బట్టి 32 ఎంబీ దాకా తనంతట తాను పెరుగుతుంది, ట్రిమ్ థ్రెషోల్డ్ కూడా దానితో పెరుగుతుంది. మీరు ఏ విలువ పెట్టినా, డిఫాల్ట్ పెట్టినా, ఈ పెరుగుదల ఆగుతుంది. ట్రిమ్ థ్రెషోల్డ్, టాప్ ప్యాడ్, ఎంమ్యాప్ మ్యాక్స్ పెట్టినా ఆగుతుంది. తగ్గిస్తే పెద్ద బ్లాకుల మెమరీ వెంటనే వెనక్కి పోతుంది, బదులుగా పేజీ ఫాల్టులు పెరుగుతాయి. జీలిబ్‌సీ 2.34 దాకా 64 బిట్ మీద 32 ఎంబీకి మించిన విలువను మాలాప్ట్ (కోడ్‌లోంచి ఆప్షన్లు పెట్టే ఫంక్షన్) ఒప్పుకునేది కాదు." ఆరు వాక్యాలు దాటింది, పట్టికలో ఇమడదు. ఇమడకపోతే పట్టికను తీసేయండి. పట్టిక కోసం వాక్యాన్ని కోయొద్దు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. "ఏమీ సెట్ చేయకపోతే" అన్నదాన్నీ "డిఫాల్ట్ విలువ పెడితే" అన్నదాన్నీ నేను వేరు చేసి రాశాను. అలొకేటర్ డాక్యుమెంటేషన్‌లో డిఫాల్ట్ అని రాసిన అంకె ఒకటి, జరిగేది ఇంకొకటి అయ్యే చోటు మరొకటి ఉంది, అరీనాల విషయం. అరీనా అంటే థ్రెడ్లు ఒకే లాక్ కోసం నిలబడకుండా అలొకేటర్ విడివిడిగా పెట్టుకునే మెమరీ కుప్ప.

అరీనా మ్యాక్స్ డిఫాల్ట్ 0 అని మీ పట్టికలో ఉంది. సున్నా అరీనాలా? పరిమితి లేదా? రెండూ కాదు. సున్నా అంటే పరిమితిని జీలిబ్‌సీ తానే లెక్కేసుకుంటుంది. 64 బిట్ మీద కోర్ల సంఖ్యకు 8 రెట్లు, 32 బిట్ మీద 2 రెట్లు. ఆ లెక్క కూడా మొదట్లోనే వేయదు. అరీనాల సంఖ్య అరీనా టెస్ట్ విలువకు చేరాక వేస్తుంది, 64 బిట్ మీద ఆ విలువ 8. అరీనా మ్యాక్స్ మీరు పెట్టేస్తే అరీనా టెస్ట్‌కు ఇక పనే లేదు. ఈ రెండింటినీ పట్టికలో పక్కపక్కనే సమాన హోదాతో పెడితే, రెండూ పెట్టాలేమో అని చదివేవాళ్లు తికమకపడతారు. నన్నడిగితే అరీనా టెస్ట్‌కు విడిగా ఎంట్రీ అక్కర్లేదు, అరీనా మ్యాక్స్ కింద ఒక వాక్యం చాలు.

కోర్ల సంఖ్య అన్నచోట ఇంకో మాట తప్పకుండా రాయండి. కంటెయినర్‌కు మీరు ఇచ్చిన సీపీయూ కోటాను జీలిబ్‌సీ చూడదు. 64 కోర్ల మెషీన్ మీద 2 సీపీయూల కోటాతో నడిచే కంటెయినర్‌లో కూడా పరిమితి 512 అరీనాలే. థ్రెడ్లు ఎక్కువున్న ప్రోగ్రామ్ అయితే అందులో గణనీయమైన భాగం నిజంగానే పుడుతుంది. జేమాలాక్‌దీ ఇదే దారి, దాని అరీనాల డిఫాల్ట్ సీపీయూల సంఖ్యకు 4 రెట్లు. ఆధునిక సర్వర్ల మీద ఈ డిఫాల్ట్ నాకు సబబుగా అనిపించదు, కానీ గైడ్‌లో మన అభిప్రాయం కంటే ఆ లెక్క ముఖ్యం. లెక్క రాస్తే తమ మెషీన్‌కు ఎంతో వాళ్లే చూసుకుంటారు.

అరీనాకు ఎన్ని పెట్టాలి అన్నదే మీకు ఎక్కువగా వచ్చే ప్రశ్న అన్నారు. చాలామంది ఎక్కడో చూసి 2 అనో 4 అనో పెట్టేస్తారు. హడూప్ (పెద్ద డేటాను చాలా మెషీన్ల మీద ప్రాసెస్ చేసే సాఫ్ట్‌వేర్) స్టార్టప్ స్క్రిప్టుల్లో ఎవరూ ఏమీ పెట్టకపోతే 4 పెట్టే లైను ఉంటుంది. అది ఎందుకు పెట్టారో పక్కనే కామెంట్‌లో రాసి ఉంది: థ్రెడ్లు ఎక్కువగా ఉన్నప్పుడు వర్చువల్ మెమరీ విపరీతంగా పెరిగిపోతోందని. 64 బిట్ మీద మెయిన్ అరీనా కాక మిగతా ప్రతి అరీనా 64 ఎంబీ అడ్రస్ స్పేస్‌ను ముందుగా రిజర్వ్ చేసుకుంటుంది. 16 కోర్లంటే 128 అరీనాలు, దగ్గర దగ్గర 8 జీబీ వర్చువల్. అందులో నిజంగా తాకిన పేజీలు మాత్రమే ఆర్‌ఎస్‌ఎస్‌లోకి, అంటే ప్రాసెస్ ఆక్రమించిన అసలు ర్యామ్ లెక్కలోకి వస్తాయి. వర్చువల్ మెమరీ మీద పరిమితి పెట్టి ప్రాసెస్‌ను చంపే వ్యవస్థలో ఆ 4కు అర్థం ఉంది. మీ సమస్య ఆర్‌ఎస్‌ఎస్ అయితే అదే 4 పనికి రావచ్చు, రాకపోవచ్చు. అది వేరే కొలత తీసుకుని తేల్చుకోవాల్సిన సంగతి. అందుకని గైడ్‌లో ఏ అంకె సిఫారసు చేసినా, అది ఏ ఇబ్బందిని తగ్గించడానికి పెట్టారో, దేన్ని చూసి ఒప్పుకున్నారో అక్కడే రాయండి. కారణం లేని అంకె ఒక ప్రాజెక్ట్ నుంచి ఇంకో ప్రాజెక్ట్‌కు కాపీ అవుతూ పోతుంది. అరీనాలు తగ్గించినందుకు లాక్ కోసం థ్రెడ్లు నిలబడిపోవడం మాత్రం ఏళ్ల తర్వాత ఎవరి నెత్తినో పడుతుంది.

ఇక జేమాలాక్. మీ గైడ్‌లో డర్టీ డికే గురించి "వాడని పేజీలను 10 సెకన్ల తర్వాత తిరిగి ఇస్తుంది" అని ఉంది. డిఫాల్ట్ 10,000 మిల్లీసెకన్లు, నిజమే. కానీ ఈ వాక్యం చదివినవాళ్లు లోడ్ ఆపేసి, గడియారం చూసుకుని, పదకొండో సెకనులో ఆర్‌ఎస్‌ఎస్ తగ్గలేదేమిటని మీ దగ్గరికి వస్తారు. తప్పు వాళ్లది కాదు.

మొదటిది, అది ఒక్కసారిగా జరగదు. ఆ వ్యవధి పొడవునా కొంచెం కొంచెంగా, మొదట నెమ్మదిగా, మధ్యలో జోరుగా, చివర మళ్లీ నెమ్మదిగా వదులుతుంది. రెండోది చాలా ముఖ్యం. వదిలే పనిని చేసేది ఎవరు? డిఫాల్ట్‌గా, మాలాక్, ఫ్రీ పిలిచే మీ ప్రోగ్రామ్ థ్రెడ్లే. అవి అప్పుడప్పుడు ఆగి ఆ పని చేసి పోతుంటాయి. ప్రోగ్రామ్ పూర్తిగా ఖాళీగా కూర్చుంటే ఆ పని చేసేవాళ్లే లేరు, 10 సెకన్లు కాదు, గంట గడిచినా పేజీలు అలాగే ఉండొచ్చు. బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ ఆప్షన్‌ను ట్రూ చేస్తే జేమాలాక్ సొంత థ్రెడ్ ఆ పని చూసుకుంటుంది. డిఫాల్ట్‌గా అది ఫాల్స్. కాబట్టి డర్టీ డికే ఎంట్రీలో బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ పేరు రాకపోతే ఆ ఎంట్రీ సగమే.

మూడోది కెర్నల్ వైపు ఉంది. లినక్స్ 4.5 నుంచి ఎమ్‌అడ్వైజ్ సిస్టమ్ కాల్‌లో ఫ్రీ అనే పద్ధతి వచ్చింది. ఈ పేజీలు నాకక్కర్లేదు, నీకు కావాలనుకున్నప్పుడు తీసుకో అని కెర్నల్‌కు చెప్పడం అది. మెమరీకి ఒత్తిడి వచ్చేదాకా కెర్నల్ వాటిని తీసుకోదు, అప్పటిదాకా అవి ఆర్‌ఎస్‌ఎస్ లెక్కలోనే కనిపిస్తాయి. డోంట్‌నీడ్ పద్ధతిలో అయితే వెంటనే తగ్గుతాయి. జేమాలాక్‌లో మజ్జీ పేజీలు అంటే ఇలా ఫ్రీ అని చెప్పి వదిలినవే. ఇది ఎంత గందరగోళం చేస్తుందో గో భాష అనుభవం చూడండి. 1.12 వెర్షన్‌లో గో రన్‌టైమ్ ఫ్రీ పద్ధతికి మారింది. మెమరీ తిరిగి ఇస్తున్నా మానిటరింగ్‌లో తగ్గినట్టు కనిపించక జనం ఇబ్బందిపడ్డారు, 1.16లో మళ్లీ డోంట్‌నీడ్‌కు వచ్చేశారు. అలొకేటర్ నిపుణులకు తెలిసిన సంగతే అయినా, డాష్‌బోర్డు చూసి ఆందోళనపడేవాళ్లకు మనం రాసి చెప్పాల్సిందే.

సున్నా, మైనస్ ఒకటి గురించి వేరే పేరా పెట్టండి. అరీనా మ్యాక్స్‌లో సున్నా అంటే నువ్వే లెక్కేసుకో అని. ఎంమ్యాప్ మ్యాక్స్‌లో సున్నా అంటే పెద్ద బ్లాకులకు ఎంమ్యాప్ అసలు వాడొద్దని. టీక్యాష్ కౌంట్‌లో సున్నా అంటే థ్రెడ్ క్యాష్ ఆపేయమని. డర్టీ డికేలో సున్నా అంటే ఖాళీ కాగానే వదిలేయమని. డర్టీ డికేలో మైనస్ ఒకటి, ట్రిమ్ థ్రెషోల్డ్‌లో మైనస్ ఒకటి, రెండూ ఎప్పుడూ వెనక్కి ఇవ్వొద్దనే. "0 పెడితే డిసేబుల్" అని ఒక్క ముక్కలో రాస్తే, ఏది డిసేబుల్ అయిందో ఎవరికీ తెలియదు. మెమరీ పట్టుకోవడమా, వదలడమా?

పేర్ల దగ్గర ఒక చిన్న ఉచ్చు ఉంది, చిన్నదే కానీ గంటలు తినేస్తుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ట్రిమ్ థ్రెషోల్డ్, టాప్ ప్యాడ్, ఎంమ్యాప్ థ్రెషోల్డ్, ఎంమ్యాప్ మ్యాక్స్ పేర్ల చివర ఒక అండర్‌స్కోర్ ఉంటుంది. అరీనా మ్యాక్స్, అరీనా టెస్ట్ పేర్ల చివర ఉండదు. చివరి అండర్‌స్కోర్ మరిచిపోతే జీలిబ్‌సీ కిమ్మనదు, ఆ వేరియబుల్‌ను పట్టించుకోదు, అంతే. దాన్ని టైపింగ్ పొరపాటు అనుకుని సరిచేసే మంచి మనసున్న రివ్యూయర్ కూడా ఉంటారు, కాబట్టి "ఈ అండర్‌స్కోర్ ఉండాల్సిందే" అని పక్కనే రాయండి. జీలిబ్‌సీ 2.25 వెర్షన్ నుంచి ఉన్న ట్యూనబుల్స్ పద్ధతిలో ఈ గొడవ లేదు. అక్కడ అన్ని పేర్లూ చుక్కలతో ఒకే తీరున ఉంటాయి, రెండు సెట్టింగుల మధ్య కోలన్ పెడతారు. విలువలు మాత్రం ఉత్త అంకెల్లో, బైట్లలో ఇవ్వాలి. వెనక కే, ఎం అక్షరాలు తగిలించి కిలోబైట్లు, మెగాబైట్లు అనుకోవద్దు.

కోడ్‌లోంచి మాలాప్ట్ పిలిచేవాళ్లకు ఇంకో హెచ్చరిక కావాలి. అది సక్సెస్ అయితే 1, ఫెయిల్ అయితే 0 ఇస్తుంది. సీ లైబ్రరీలో చాలా ఫంక్షన్లు సక్సెస్‌కు 0 ఇస్తాయి కాబట్టి అలవాటుగా తిరగేసి చెక్ రాస్తారు. సరైన సెట్టింగ్‌కు ఎర్రర్ లాగ్ వస్తుంది, ఫెయిలైనదానికి ఏమీ రాదు.

ప్రతి ఎంట్రీ చివర, ఆ సెట్టింగ్ నిజంగా పట్టిందో లేదో ఎలా చూడాలో రాయండి. మిగతావన్నీ రాయలేకపోయినా ఇదొక్కటి రాయండి, సగం ప్రశ్నలు మీదాకా రావు. జీలిబ్‌సీ 2.33 నుంచి డైనమిక్ లోడర్‌ను లిస్ట్ ట్యూనబుల్స్ ఆప్షన్‌తో నడిపితే, ఆ ఎన్విరాన్‌మెంట్‌లో ప్రతి ట్యూనబుల్‌కు ఏ విలువ పడిందో, కనిష్ఠం గరిష్ఠం ఎంతో చూపిస్తుంది. సర్వీస్ నడిచే అదే ఎన్విరాన్‌మెంట్‌తో నడపాలి, మన టెర్మినల్‌లో కాదు. నడుస్తున్న ప్రాసెస్ లోపల అరీనాలు ఎన్ని, ఒక్కోటి ఎంత పట్టుకుంది అన్నదానికి మాలాక్ ఇన్ఫో ఉంది. పాత మాల్‌ఇన్ఫోను వాడొద్దని చెప్పండి. దాని ఫీల్డులు ఇంట్ టైపు, 2 జీబీ దాటితే అంకెలు తప్పుగా వస్తాయి. 2.33లో వచ్చిన మాల్‌ఇన్ఫో2 దానికి బదులు. జేమాలాక్‌లో స్టాట్స్ ప్రింట్ ట్రూ చేస్తే ప్రాసెస్ ముగిసేటప్పుడు వచ్చే రిపోర్టులో అన్ని ఆప్షన్ల విలువలూ ఉంటాయి.

ఇంకొకటి, గైడ్‌కు ఒక ముందు పేజీ ఉండాలి, ఆప్షన్ల వరసలో కాకుండా లక్షణాల వరసలో. చదివేవాళ్లు ట్రిమ్ థ్రెషోల్డ్ అనే మాటతో రారు. లోడ్ తగ్గినా మెమరీ తగ్గడం లేదు అన్న టెన్షన్‌తో వస్తారు. వాళ్లకు ముందు చెప్పాల్సింది ఏ ఆప్షన్ మార్చాలో కాదు, అది అలొకేటర్ పట్టుకున్న ఖాళీనా, ప్రోగ్రామ్ నిజంగా వాడుతున్నదా అని తేల్చుకోవడం. జీలిబ్‌సీ అయితే టెస్ట్ మెషీన్ మీద ఆ స్థితిలో మాలాక్ ట్రిమ్‌ను సున్నాతో ఒకసారి పిలిపించి ఆర్‌ఎస్‌ఎస్ చూడమనండి. 2.8 నుంచి అది అన్ని అరీనాలనూ వెతికి, మధ్యలో పూర్తిగా ఖాళీగా ఉన్న పేజీలను కూడా వదిలేస్తుంది. మామూలుగా జరిగే ట్రిమ్ హీప్ కొసన ఉన్నదాన్నే కోస్తుంది, కొసన ఒక చిన్న బ్లాకు బతికి ఉన్నా దాని కింద ఉన్న ఖాళీ అంతా అలాగే ఉండిపోతుంది. మాలాక్ ట్రిమ్ తర్వాత ఆర్‌ఎస్‌ఎస్ బాగా పడిపోతే అరీనాలు, థ్రెషోల్డుల పేజీకి పంపండి. పెద్దగా పడకపోతే అది లీక్ కావచ్చు, పేజీపేజీకీ ఒక్కో బతికున్న బ్లాకు ఉండే ఫ్రాగ్మెంటేషన్ కావచ్చు. అక్కడ ఈ థ్రెషోల్డులు ఎన్ని మార్చినా ప్రయోజనం ఉండదని నిర్మొహమాటంగా రాయండి.

రాసిన ప్రతి వాక్యానికీ వెర్షన్ తగిలించండి. పైన చెప్పిన 1 ఎంబీ ప్రోగ్రామ్ లాంటివి రెండు మూడు గైడ్ పక్కనే రెపోలో పెట్టుకుని, డిస్ట్రిబ్యూషన్ అప్‌గ్రేడ్ అయినప్పుడల్లా నడిపి చూడండి. జీలిబ్‌సీ 2.26లో టీక్యాష్ వచ్చాక చిన్న బ్లాకుల గురించి అంతకుముందు రాసినవి చాలా పాతబడిపోయాయి. మీ పట్టికలో చివరన ఉన్న మాలాక్ చెక్ (హీప్ పాడైతే పట్టుకునే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) పరిస్థితీ అంతే. 2.34 నుంచి డీబగ్ సదుపాయాలను విడిగా మాలాక్ డీబగ్ లైబ్రరీలోకి మార్చారు, దాన్ని ప్రీలోడ్ చేయకుండా ఆ వేరియబుల్ ఒక్కటే పెడితే ఏ తనిఖీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. ప్రొడక్షన్ సమస్య వచ్చినప్పుడు దాన్ని నమ్ముకుని "హీప్ కరప్షన్ లేదు" అనే నిర్ధారణకు వచ్చేస్తారు. మిగతా గైడ్ తీరిగ్గా తిరగరాసుకోవచ్చు, ఆ ఎంట్రీని మాత్రం ఇవాళే సరిచేయండి.